నోట్లో ఊరే కాపలా: లాలాజలంలోని రక్షక ప్రోటీన్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పళ్ల డాక్టర్‌ని. కుర్చీలో పడుకుని నోరు తెరిచే ముందు అడిగేవి, ఇంటికెళ్లాక మెసేజ్ పెట్టి అడిగేవి, పెళ్లిళ్లలో చుట్టాలు పక్కకి పిలిచి అడిగేవి, ఉమ్మి గురించి వచ్చే సందేహాలన్నీ తిరిగి తిరిగి అవే. అందుకే ఒకచోట రాసిపెడుతున్నాను. ఏ జవాబుకి ఆ జవాబు పూర్తిగానే ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ముందుగా తెలుసుకోవాల్సినవి

ఉమ్మి అంటే ఉత్త నీళ్లే కదా, అందులో అంత ఏముంటుంది?

99 శాతం నీళ్లే, నిజమే. కథంతా మిగిలిన ఆ ఒక్క శాతంలో ఉంది. అందులో 2000కు పైగా రకాల ప్రోటీన్లను గుర్తించారు, వాటితో పాటు కాల్షియం, ఫాస్ఫేట్, పులుపుని విరిచే బైకార్బనేట్ కూడా ఉంటాయి. రోజుకి అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. చెవుల ముందు ఒక జత గ్రంథులు, దవడ కింద ఒక జత, నాలుక కింద ఒక జత, ఇవి కాక పెదాల లోపల, బుగ్గల్లో, అంగిట్లో వందల కొద్దీ చిన్న చిన్న గ్రంథులు, ఇవన్నీ కలిసి చేసే పని ఇది.

క్రిముల్ని చంపే ప్రోటీన్లు ఉంటాయంటున్నారు, అవేంటి? ఎలా చంపుతాయి?

ఒక్కోదానిది ఒక్కో పద్ధతి. లైసోజైమ్ బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడని కోసేస్తుంది, గోడ పోతే కణం పగిలిపోతుంది. దీన్ని కనిపెట్టింది పెన్సిలిన్ కనిపెట్టిన అలెగ్జాండర్ ఫ్లెమింగే, అదీ పెన్సిలిన్‌కి ఏడేళ్ల ముందు, 1921లో. మొదట జలుబు చేసిన ముక్కు చీమిడిలో చూశాడు, తర్వాత కన్నీళ్లలో కూడా ఉందని తెలిసి, ప్రయోగాలకి కన్నీళ్లు చాలక తోటివాళ్ల కళ్లల్లో నిమ్మరసం పిండి మరీ పట్టుకున్నాడు. కోడిగుడ్డు తెల్లసొనలో కూడా ఇదే ఉంటుంది.

లాక్టోఫెర్రిన్ దారి వేరు. బ్యాక్టీరియా పెరగాలంటే ఇనుము కావాలి, ఇది ఆ ఇనుముని ముందే పట్టేసుకుని వాటిని పస్తు పెడుతుంది. పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్, నోట్లో ఉండే కొద్దిపాటి హైడ్రోజన్ పెరాక్సైడ్‌నీ థయోసయనేట్‌నీ కలిపి, మన కణాలకి హాని చెయ్యకుండా క్రిముల్ని మాత్రం అణిచే మందు తయారుచేస్తుంది. హిస్టాటిన్లు ముఖ్యంగా ఫంగస్ మీద పనిచేస్తాయి. వాటిలో హిస్టాటిన్-5 కేవలం 24 అమైనో ఆమ్లాల గొలుసు, అంత చిన్నదీ క్యాండిడా అనే ఫంగస్ కణం లోపలికి దూరి దాని శక్తంతా బయటికి కారిపోయేలా చేస్తుంది.

ఐజీఏ అనే యాంటీబాడీ చాలావరకు చంపదు, పట్టుకుంటుంది. క్రిములు గుంపుగా అతుక్కుపోయి, పళ్లకి అంటుకోలేక, గుటకతో పాటు కడుపులోకి పోతాయి. మ్యూసిన్లు చేసేదీ ఇంచుమించు అదే, ఉమ్మికి ఆ జిగురు వచ్చేదే వాటి వల్ల. ఇక చిగుళ్ల కణాలూ తెల్లరక్తకణాలూ డిఫెన్సిన్లు, ఎల్ఎల్-37 లాంటివి వదులుతాయి, ఇవి చిగురుకీ పంటికీ మధ్య సందులో కాపలా ఉంటాయి.

ఇంత సైన్యం ఉంటే నా పళ్లు ఎందుకు పుచ్చిపోయాయి డాక్టర్‌గారూ?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల మొహంలో బాధ కనిపిస్తుంది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. పళ్ల మీద పాచి మందంగా పేరుకున్నాక ఈ ప్రోటీన్లు దాని లోపలికి వెళ్లలేవు. పళ్ల సందుల్లోకీ దవడ పళ్ల గుంటల్లోకీ ఉమ్మి సరిగ్గా చేరదు, పుచ్చు మొదలయ్యేదీ అక్కడే. పైగా మనం తినే చక్కెరతో కొన్ని బ్యాక్టీరియా బంకలాంటి పదార్థం తయారుచేసుకుని పంటికి అతుక్కుపోతాయి. ఇంకో సంగతి, శుభ్రంగా తోమిన పంటి మీద నిమిషాల్లోనే ఉమ్మి ప్రోటీన్లు పల్చటి పొరలా పరుచుకుంటాయి, అది పంటిని కాపాడే పొరే, కానీ కొన్ని బ్యాక్టీరియా ఆ పొరనే పట్టు చేసుకుని నిలబడతాయి. కాబట్టి ఉమ్మి కాపలా కాస్తుంది గానీ బ్రష్ చెయ్యాల్సిన పని చెయ్యదు.

మా తమ్ముడు సరిగ్గా తోముకోడు కూడా, ఒక్క పన్నూ పుచ్చలేదు. వాడి ఉమ్మిలో ఏమైనా ఎక్కువుందా?

ఉండొచ్చు. ఉమ్మి ఎంత ఊరుతుంది, పులుపుని ఎంత తొందరగా విరుస్తుంది, ఏ ప్రోటీన్ ఎంత పాళ్లలో ఉంది, ఇవి మనిషికీ మనిషికీ తేడా ఉంటాయి. పంటి మీద గుంటలు లోతు తక్కువగా ఉండటం, రోజులో తక్కువసార్లు తీపి తినడం కూడా కారణం కావచ్చు. కానీ అతన్ని ఒకసారి చిగుళ్లు చూపించుకోమనండి. పుచ్చు లేని నోట్లో చిగుళ్ల జబ్బు నొప్పి లేకుండా పెరగడం నేను చాలాసార్లు చూశాను, పళ్లు కదిలేదాకా వాళ్లకి తెలియదు.

## పిల్లల విషయం

ఐదు నెలల పాప, ఒకటే చొంగ. ఏమైనా జబ్బా?

కాదు. ఆ వయసుకి గ్రంథులు జోరుగా పనిచెయ్యడం మొదలుపెడతాయి, గుటక వెయ్యడం మాత్రం ఇంకా సరిగ్గా రాదు, ముందు పళ్ల అడ్డూ లేదు. గడ్డం కింద తడి లేకుండా మెత్తటి గుడ్డతో అద్దితే చాలు. జ్వరం ఉన్నా, పాలు మింగలేకపోతున్నా, ఊపిరి కష్టంగా ఉన్నా అప్పుడు మాత్రం వెంటనే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

పుట్టిన పిల్లల ఉమ్మిలో ఈ రక్షణ ఉంటుందా?

కొంత ఉంటుంది, ఐజీఏ మాత్రం చాలా తక్కువ. ఆ లోటుని తల్లిపాలు తీరుస్తాయి. ముర్రుపాలలో ఐజీఏ, లాక్టోఫెర్రిన్ రెండూ పుష్కలంగా ఉంటాయి. మొదటి పాలు పిండి పారబోసి తేనె నాకించే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లల్లో ఉంది, దయచేసి మానేయించండి. ఏడాది లోపు పిల్లలకి తేనె ప్రమాదం కూడా.

మా అత్తమ్మ అన్నం నమిలి మనవడికి పెడతారు. వద్దంటే బాధపడతారు. నిజంగా తప్పా?

ప్రేమతో చేసే పనే, పిల్లవాడికి మాత్రం మంచిది కాదు. పళ్లు పుచ్చబెట్టే బ్యాక్టీరియా చాలావరకు పెంచేవాళ్ల నోటి నుంచే పిల్లలకి చేరుతుంది. పెద్దవాళ్ల నోట్లో పుచ్చులు, చిగుళ్ల జబ్బు ఉంటే అది మరీ ఎక్కువ. ఆవిడతో "ఎంగిలి పెట్టొద్దు" అనకండి, మనసు నొచ్చుకుంటుంది. "అత్తమ్మా, చేత్తో మెత్తగా మెదిపి పెట్టండి" అనండి, అలాగే ఆవిడ పళ్లు కూడా ఒకసారి చూపించండి.

రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకునే నిద్రపోతాడు, పాలే కదా?

నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది. కడిగేవాళ్లు లేరు, పులుపు విరిచేవాళ్లు లేరు, పాలు రాత్రంతా పై ముందు పళ్ల చుట్టూ నిలిచి ఉంటాయి, అందులో చక్కెర కూడా కలిపి ఉంటే చెప్పక్కర్లేదు. రెండేళ్లు నిండకుండానే ముందు నాలుగు పళ్లు మొదళ్లకంటా పుచ్చిపోయిన పిల్లలు నా దగ్గరికి తరచూ వస్తారు. పాలు పట్టాక పళ్లు తుడిచి పడుకోబెట్టండి, మధ్యరాత్రి సీసా కావాలంటే నీళ్లే ఇవ్వండి.

మాది నల్గొండ వైపు. ఫ్లోరైడ్‌తోనే మా పళ్లు పాడయ్యాయి, మళ్లీ పిల్లలకి ఫ్లోరైడ్ పేస్టా?

మీ భయం న్యాయమైనదే. కానీ అక్కడ హాని జరిగింది పళ్లు, ఎముకలు తయారయ్యే వయసు నుంచీ ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు రోజూ తాగడం వల్ల. పేస్టులోది మింగం, పంటి పైపైన పనిచేసి ఉమ్మేస్తాం. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠానీ గింజంత చాలు, మింగకుండా పక్కన పెద్దవాళ్లు ఉండాలి. మీరు తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలుసుకుని డాక్టర్‌కి చెబితే మీ పిల్లలకి సరిపోయే సలహా ఇస్తారు.

## రోజువారీ అలవాట్లు

స్వీట్లు తక్కువే తింటాను, టీలు మాత్రం ఐదారు తాగుతాను. పర్లేదా?

ఎంత తిన్నామన్న దానికంటే ఎన్నిసార్లన్నదే పళ్లకి ముఖ్యం. తీపి తగిలిన కొద్ది నిమిషాలకే పాచిలో పులుపు పెరుగుతుంది, పిహెచ్ 5.5 కంటే కిందికి పడితే పంటి నుంచి కాల్షియం కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట నుంచి గంట పడుతుంది. గంటగంటకీ చక్కెర టీ పడుతుంటే దానికి తేరుకునే సమయమేది? మూడు టీలు చక్కెర లేకుండా అలవాటు చేసుకోండి, మిగతావి భోజనం వెంటనే తాగండి.

వేపపుల్ల మంచిదా, బ్రష్ మంచిదా?

వేపపుల్ల నమిలితే చేదుకీ నమలడానికీ ఉమ్మి బాగా ఊరుతుంది, అది మంచిదే. కానీ లోపలివైపు, దవడ పళ్ల వెనక్కి పుల్ల వెళ్లదు, ఫ్లోరైడ్ ఉండదు, గట్టిగా రుద్దితే చిగురు కిందికి జారిపోతుంది. పొద్దున వేపపుల్ల వదల్లేనంటే వదలొద్దు, రాత్రి మాత్రం తప్పకుండా పేస్టుతో తోముకోండి. బొగ్గు, కచ్చిక బూడిద, ఇటుకపొడి మాత్రం వద్దు, అరిగిన ఎనామిల్ మళ్లీ రాదు.

నూనె పుక్కిలిస్తే ఉమ్మిలో శక్తి పెరుగుతుందా?

ప్రోటీన్లు పెరుగుతాయని చెప్పడానికి ఆధారం లేదు. పుక్కిలిస్తున్నంతసేపు ఉమ్మి ఊరుతుంది, నోరు తేలిగ్గా అనిపిస్తుంది. మింగకుండా ఉమ్మేస్తే హాని లేదు, దాని పేరు చెప్పి బ్రష్ మానేస్తేనే హాని.

రోజూ మౌత్‌వాష్ వాడితే ఇంకా రక్షణ కదా?

అందరికీ అక్కర్లేదు. క్లోరెక్సిడిన్ ఉన్నవి మేం చిగుళ్ల చికిత్స తర్వాత కొద్దిరోజులకే రాస్తాం, నెలల తరబడి వాడితే పళ్లకి గోధుమరంగు మరకలు వస్తాయి, రుచి తెలియదు, నోట్లో ఉండాల్సిన మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. నోరు ఎండిపోయేవాళ్లు ఆల్కహాల్ ఉన్నవి అసలు వాడొద్దు.

కిళ్లీ వేస్తే నోరంతా ఉమ్మి ఊరుతుంది, మంచిదేగా?

వక్కలో ఉండే అరెకోలిన్ అనే పదార్థం గ్రంథుల్ని ఉసిగొల్పుతుంది కాబట్టి ఊరుతుంది. ఆ ఊరడం చూసి మోసపోకండి. పొగాకు లేకపోయినా సరే వక్క క్యాన్సర్ కారకమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని ఖాయంగా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. నోటి లోపలి చర్మం బిగుసుకుపోయి, నోరు రెండు వేళ్లంత కూడా తెరుచుకోక, కారం తగిలితే కళ్లనీళ్లు పెట్టుకునే పాతికేళ్ల కుర్రాళ్లని చూస్తున్నాను. గుట్కా, వక్కపొడి ప్యాకెట్లు ఈరోజే మానేయండి, నోరు బిగుస్తున్నట్టుంటే ఈ వారమే చూపించుకోండి.

పొద్దున్నే పాచి ఉమ్మి రాస్తే మొటిమలు, పుండ్లు తగ్గుతాయంటారు?

ఇలా అనుకోవడానికి కారణం ఉంది. నోట్లో గాయం ఒంటి మీద గాయం కంటే తొందరగా మానుతుంది, హిస్టాటిన్-1 లాంటి ప్రోటీన్లు కణాలు ముందుకు పాకి గాయం మూసుకోవడానికి సాయపడతాయి. కానీ ఒక్క మిల్లీలీటరు ఉమ్మిలో దాదాపు 10 కోట్ల బ్యాక్టీరియా ఉంటుంది, నిద్ర లేచినప్పుడైతే ఇంకా ఎక్కువ. నోట్లో కుదురుగా ఉండే బ్యాక్టీరియా చర్మం పగిలినచోట చీము పట్టిస్తుంది, మనిషి కరిచిన గాయాలు అంతగా ముదిరేది అందుకే. మొటిమ మీద వద్దు, షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండు మీద అసలే వద్దు.

ఎంత తోమినా కింది ముందు పళ్ల వెనక గార పడుతూనే ఉంటుంది, ఎందుకు?

దవడ కింది గ్రంథుల గొట్టాలు సరిగ్గా అక్కడే, నాలుక కింద తెరుచుకుంటాయి. ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేట్ అక్కడ మిగిలిన పాచిని గట్టిపరిచి గార చేస్తాయి. స్టాథరిన్ అనే ప్రోటీన్ కాల్షియం అలా ఊరికే గడ్డకట్టకుండా చూస్తుంది, లేకపోతే ఇంకా ఎక్కువ పట్టేది. గారని బ్రష్ తియ్యలేదు, క్లీనింగ్ చేయించుకోవాల్సిందే. క్లీనింగ్‌తో పళ్లు వదులవుతాయన్నది అపోహ, అప్పటికే ఎముక తగ్గిన పంటికి గార ఊతంలా ఉండి, అది తీయగానే కదలిక బయటపడుతుంది, అంతే.

## నోరు ఎండిపోతుంటే

నాకు నిజంగా ఉమ్మి తక్కువగా ఉందని ఎలా తెలుస్తుంది?

నీళ్లు లేకుండా బిస్కెట్ మింగలేకపోవడం, రాత్రి నోరు పిడచకట్టుకుపోయి రెండు మూడుసార్లు లేవడం, నాలుక అంగిలికి అతుక్కోవడం, ఎప్పుడూ తినే పచ్చడే మంటగా అనిపించడం, ఇవి గుర్తులు. ఇంట్లో కూడా చూసుకోవచ్చు. తిన్న గంటన్నర తర్వాత, తల కొద్దిగా వంచి కూర్చుని, ఏమీ నమలకుండా, ఊరిన ఉమ్మిని 5 నిమిషాలు చిన్న కప్పులోకి వదలండి. సూది తీసేసిన సిరంజిలోకి లాగి కొలిస్తే అర మిల్లీలీటరు కూడా లేకపోతే చాలా తక్కువని అర్థం, చూపించుకోవాలి.

వయసైతే ఉమ్మి తగ్గడం మామూలేగా?

వయసు మీదికి నెట్టేయకండి. ఎక్కువమందిలో అసలు కారణం మాత్రలు. అలర్జీ మాత్రలు, నిద్రకీ దిగులుకీ ఇచ్చే కొన్ని మందులు, మూత్రం ఆపుకోలేనివాళ్లకి ఇచ్చేవి, బీపీకి ఇచ్చే కొన్ని, వీటిలో చాలావాటికి నోరు ఎండబెట్టే గుణం ఉంది. ఉమ్మి తగ్గితే దాంతో వచ్చే ప్రోటీన్ల కాపలా కూడా తగ్గుతుంది, అందుకే అరవై ఏళ్లు బాగున్న పళ్లు రెండేళ్లలో చిగుళ్ల దగ్గర వరసగా పుచ్చిపోతాయి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టర్‌ని అడగండి, చాలాసార్లు మందు మార్చడమో వేళ మార్చడమో కుదురుతుంది.

నోరూరడానికి నిమ్మ బిళ్లలు, ఉసిరికాయ చప్పరిస్తున్నాను. మంచిదేనా?

పులుపు తగిలితే నోరూరుతుంది, కానీ ఎండిన నోట్లో ఆ పులుపుని విరిచే బలం లేదు, పంటి పైపొర మెత్తబడి అరిగిపోతుంది. అన్నంలో ఉసిరి పచ్చడి తినండి, రోజంతా బుగ్గన పెట్టుకోవడం మాత్రం వద్దు. బదులుగా చక్కెర లేని జైలిటాల్ చూయింగ్ గమ్ నమలండి, నమిలినప్పుడు ఊరే ఉమ్మిలో బైకార్బనేట్ కూడా ఎక్కువ. నీళ్లు గుక్క గుక్కగా తాగుతుండండి. గ్రంథులు అసలే పనిచెయ్యనివాళ్లకి కృత్రిమ లాలాజలం జెల్, స్ప్రే మందుల షాపుల్లో దొరుకుతాయి. తడి అందుతుంది, ప్రోటీన్ల పని మాత్రం అవి చెయ్యలేవు.

## జబ్బులున్నవాళ్లకి

షుగర్ ఉంది, నాలుక మీద తెల్లపూత పోవడం లేదు.

షుగర్ అదుపు తప్పితే ఉమ్మి తగ్గుతుంది, దాంట్లో గ్లూకోజ్ పెరుగుతుంది, తెల్లకణాలు చురుకు తగ్గుతాయి, క్యాండిడా ఫంగస్‌కి అంతకంటే ఏం కావాలి. గుడ్డతో తుడిస్తే పెరుగులా ఊడి కింద ఎర్రగా ఉంటే అదే అయ్యుంటుంది, ఫంగస్ మందుకి తగ్గుతుంది. తుడిచినా ఊడని తెల్లమచ్చ వేరు, దాన్ని తప్పకుండా చూపించాలి. కట్టుడు పళ్లు రాత్రి తీసి నీళ్లలో పెట్టండి, ఆస్తమా ఇన్‌హేలర్ వాడితే ప్రతిసారీ నోరు పుక్కిలించండి.

నోరూ ఎండిపోతోంది, కళ్లల్లో ఇసుక పడ్డట్టుంది, కీళ్లు నొప్పులు. అన్నిటికీ సంబంధం ఉందా?

ఉండొచ్చు. షోగ్రెన్ అనే జబ్బులో మన రోగనిరోధక శక్తే లాలాజల గ్రంథుల్నీ కన్నీటి గ్రంథుల్నీ దెబ్బతీస్తుంది. 1933లో స్వీడన్ కంటి డాక్టర్ హెన్రిక్ షోగ్రెన్ వివరించిన జబ్బు ఇది, పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, ఎక్కువగా నలభై దాటాక. మెనోపాజ్ అనో టెన్షన్ అనో ఏళ్ల తరబడి తిప్పుతుంటారు. మీరే రుమటాలజిస్ట్ (కీళ్ల జబ్బుల డాక్టర్) పేరు ఎత్తండి, రక్తపరీక్ష, అవసరమైతే పెదవి లోపలి చిన్న ముక్క పరీక్షతో తెలుస్తుంది.

మా నాన్నకి గొంతు క్యాన్సర్, వచ్చే నెల రేడియేషన్. పళ్లు ఇప్పుడు చూపించాలా, తర్వాతా?

ఇప్పుడే, రేపే. రేడియేషన్ దారిలో గ్రంథులు ఉంటే ఉమ్మి బాగా పడిపోతుంది, దవడ ఎముకకి రక్తప్రసరణ కూడా తగ్గుతుంది. తీయాల్సిన పళ్లు రేడియేషన్ మొదలవడానికి కనీసం రెండు వారాల ముందే తీస్తే గాయం మానుతుంది, తర్వాత తీస్తే ఎముక కుళ్లే ప్రమాదం ఉంది. మా పెదనాన్నకి రేడియేషన్ ఇచ్చినప్పుడు నేనింకా చదువుకుంటున్నాను, పళ్ల సంగతి మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఏడాదిలో ఆయన పళ్లన్నీ పుచ్చి విరిగిపోయాయి, క్యాన్సర్ తగ్గిన మనిషి గంజి తాగి బతికాడు. చికిత్స తర్వాత రోజూ ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న జెల్ వాడాలి, ఉమ్మి ఊరించే పైలోకార్పిన్ మాత్రలు పడతాయేమో డాక్టర్‌ని అడగాలి, డాక్టర్‌కి చెప్పకుండా ఎక్కడా పన్ను పీకించొద్దు.

## మందులు, పరీక్షలు

లైసోజైమ్, లాక్టోఫెర్రిన్ కలిపిన పేస్టులు వస్తున్నాయి. కొనాలా?

నోరు ఎండేవాళ్లకి ఇవి సుఖంగా ఉంటాయి, నురగ తక్కువ, మంట ఉండదు. పుచ్చుని ఆపుతాయా అంటే, అంత గట్టి రుజువు ఉన్నది ఫ్లోరైడ్‌కే. డబ్బా మీద ఫ్లోరైడ్ 1000 పీపీఎం లేదా అంతకంటే ఎక్కువ ఉందో లేదో చూడండి, లేకపోతే ఎన్ని ఎంజైములు రాసి ఉన్నా డబ్బులు పెట్టొద్దు.

ఒక్క ప్రోటీన్ లేకపోతే నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుందని చూపించిన ఉదాహరణ ఒకటుంది. కోస్ట్‌మన్ జబ్బుతో పుట్టిన పిల్లలకి తెల్లకణాలు బాగా తక్కువ. మందులతో ఆ సంఖ్య పెంచినా వాళ్ల చిగుళ్ల జబ్బు మాత్రం తగ్గలేదు. 2002లో స్వీడన్ పరిశోధకులు చూస్తే, వాళ్ల ఉమ్మిలో ఎల్ఎల్-37 అనే రక్షక ప్రోటీన్ లేదు. చదివిన రోజు నుంచి చిగుళ్ల గురించి నేను ఆలోచించే తీరే మారిపోయింది. విటమిన్ డి ఈ ఎల్ఎల్-37 తయారీని కణాల్లో పెంచుతుందని కూడా తెలుసు, కాబట్టి లోపముంటే సరిచేసుకోండి, లోపం లేకుండా చిగుళ్ల కోసమని మాత్రలు మింగకండి.

ఉమ్మి ఎండిపోతోందని డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాను, ఏం తీసుకెళ్లాలి?

మీరు వాడే మాత్రలన్నీ ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి, హోమియో, ఆయుర్వేదం, నిద్ర కోసం అప్పుడప్పుడూ వేసుకునేవి కూడా. షుగర్ మూడు నెలల సగటు రిపోర్టు ఉంటే పెట్టుకోండి. రాత్రి ఎన్నిసార్లు నీళ్లకి లేస్తున్నారో ఒక వారం రాసుకోండి. కట్టుడు పళ్లుంటే అవి కూడా పెట్టుకునే వెళ్లండి. వెళ్లే ముందు గంటన్నర ఏమీ తినకుండా, కిళ్లీ, సిగరెట్ లేకుండా ఉంటే అక్కడే ఉమ్మి కొలవడానికి వీలవుతుంది.